పిట్టలకు కట్టిన కుచ్చు

క్లాంగ్‌లో మా ఇంటి వెనక, మురుగుకాలువకూ రైలుకట్టకూ మధ్య, ఎవరూ పట్టించుకోని గడ్డి కాస్త మిగిలి ఉంది. పొద్దున పూట అక్కడికి జీనువాయి పిట్టలు వస్తాయి. బొటనవేలంత పిట్టలు. వాటిలో ఒక రకానికి ఒళ్ళంతా ఇటుకరంగు, తల మాత్రం ముగ్గుబుట్ట; మలాయివాళ్ళు దాన్ని తలనెరిసిన పిట్ట అంటారు. ఇంకో రకానికి తల నల్లన, మరో రకానికి పొట్ట మీద చేపపొలుసుల్లాంటి గీతలు. అన్నిటికీ ముక్కు మాత్రం ఒకటే తీరు. గింజ ఒలుచుకోవడానికి పుట్టిన పొట్టి, లావు ముక్కు.

మా పక్కింటాయన రిటైరైన మాస్టారు. మెళ్ళో దుర్భిణి వేసుకుని ఈ పిట్టల వెంటే తిరుగుతుంటాడు. ఆమధ్య ఒక బొమ్మల పుస్తకం తెచ్చి నా ముందు పరిచాడు. జీనువాయిలన్నీ ఒకే కుటుంబమట. ఎక్కడో ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న వీటి బంధువులకు నీలం, పచ్చ, ఎరుపు, ఊదా అన్ని రంగులూ ఒక్క ఒంటి మీదే ఉన్నాయి. వేలాడే గూళ్ళు అల్లే గిజిగాడు వీటికి బాగా దగ్గరి చుట్టమట. "చుట్టరికాలు ఎంత చక్కగా కలిపారో చూడండమ్మా" అని ఆయన మురిసిపోయాడు. నేను తలాడించి, కాఫీ పెడతానని లోపలికి వెళ్ళిపోయాను. కాఫీ పెట్టడానికి కాదు. మొహం దాచుకోవడానికి. పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ పిట్టల మూలాన నేనొక చుట్టరికం తెంపేశాను. చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇన్నాళ్ళూ చెప్పుకోకపోవడం అంతకన్నా సిగ్గుచేటు.

మాది కువాలా సెలంగోర్ దగ్గర కొబ్బరి తోట. నాన్న అక్కడ కిరాణీ, అంటే తోట ఆఫీసులో గుమాస్తా. దొర తర్వాత కూలీలందరూ లేచి నిలబడేది నాన్నకే. మాకు స్తంభాల మీద కట్టిన చెక్క క్వార్టర్సు, ముందుగదిలో రేడియో, కిటికీలకు లేసు తెరలు. నన్ను క్లాంగ్‌లో ఇంగ్లీషు బడిలో పెట్టి, హాస్టల్లో ఉంచి చదివించారు. అక్కడ నా స్నేహితురాళ్ళు డాక్టర్ల పిల్లలు, స్టేషన్ మాస్టర్ల పిల్లలు. మీవాళ్ళేం చేసేవాళ్ళని అడిగితే, మా తాతగారి కాలం నుంచీ ఆఫీసు ఉద్యోగాలేనని కోతలు కోసేదాన్ని. మా తాత విశాఖ జిల్లాలో ఇంకొకరి పొలంలో పాలేరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నాన్నకు ఒక అన్న ఉండేవాడు. ఇద్దరూ ఒకే ఓడలో ఈ దేశం వచ్చారు. అప్పటికి అన్నకు పదహారు, నాన్నకు ఆరు. దిగింది మొదలు పెదనాన్న కూలీ లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఉంటూ, నేలలో పాతిన ఇనప గునపం మీద కొబ్బరికాయలు ఒలిచాడు. తమ్ముణ్ణి మాత్రం పనికి పోనివ్వలేదు. "నువ్వు సదువు, నాను ఒలుస్తాను" అన్నాడట. నాన్న చదివాడు, కిరాణీ అయ్యాడు, క్వార్టర్సుకు మారాడు. పెదనాన్న ఒలుస్తూనే ఉన్నాడు. ఆయన అరచేతులు కొబ్బరిపీచు రంగు పట్టి, గరుకుతేలి ఉండేవి.

ఆదివారం ఆదివారం పెదనాన్న మా ఇంటికి వచ్చేవాడు, వంటింటి మెట్ల వైపు నుంచి. ముందు వైపు రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. అమ్మ వంటింటి గడప దగ్గర పీట వేసి అన్నం పెట్టేది. ఆఫీసులో గాని, దొర ముందు గాని నాన్న ఆయన్ను అన్నా అని పిలవగా నేను వినలేదు. తోటలో మనవాళ్ళందరికీ ఆ చుట్టరికం తెలుసు, దొరకు మాత్రం తెలియదు. ఇదేం పోట్లాట కాదు, ఒక అలవాటు. అలవాటు కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. అందరికన్నా నాకు మరీ అనిపించలేదు.

వరి కోతల రోజుల్లో పెదనాన్న ఆదివారాలు తోట దాటి ఒక మలాయి రైతు పొలానికి సాయం వెళ్ళేవాడు. అక్కడ కొడవలి వాడేవారు కాదు. గుప్పిట్లో ఇమిడే చిన్న కత్తితో ఒక్కో కంకినీ విడిగా కోసేవారు. వచ్చేటప్పుడు ఆ రైతు కాడలతో సహా రెండు కట్టల కంకులిచ్చేవాడు. పెదనాన్న వాటిని తడిగుడ్డలో చుట్టి తెచ్చి, అరుగు మీద కూచుని, కాడలు జడలా అల్లి, కంకులన్నీ కిందికి వేలాడేలా కుచ్చు కట్టేవాడు. కొత్త పంట ఇంటికి రాగానే చూరుకు అలా కుచ్చు కట్టి పిట్టలకు వదిలేయడం మా ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఆనవాయితీ. పిట్ట తిన్నాకే మనిషి తినాలి. ఇక్కడ ఆయనకు పొలమూ లేదు, పంటా లేదు. అయినా ఏడాది తప్పకుండా కట్టేవాడు. పెద్ద కుచ్చు తన ఇంటి చూరుకు, చిన్నది మా వంటింటి చూరుకు.

కట్టిన రెండు మూడు రోజులకల్లా జీనువాయిలు దిగేవి. పది పదిహేను ఒక్కసారి వచ్చి, తలకిందులుగా వేలాడుతూ గింజలు ఒలిచి, పొట్టు మా నెత్తిన రాల్చేవి. ఆ పిట్ట పాడుతుంటే గొంతు ఆడడం కనిపిస్తుంది గాని, పాట మూరెడు దూరంలో ఉంటేగాని వినబడదు. పెదనాన్న చూరు కింద ఊపిరి బిగబట్టి నిలబడి వినేవాడు. "ఒలే గుంటా, ఇన్నావేటి? ఎంత సన్నగా పాడతందో సూడు" అనేవాడు. మా ఊరి రెల్లుగడ్డిలో ఇంకో రకం ఉంటుందని, దాని ఒళ్ళంతా కుంకుమరంగేనని, మీద నూకలు చల్లినట్టు తెల్లచుక్కలుంటాయని చెప్పేవాడు. ఒక ఏడు ఆ గుంపులో ఆకుపచ్చ పిట్ట ఒకటి వచ్చింది, నీలం మొహం, ఎర్రటి తోక. దాన్ని చూస్తూ పనికి ఆలస్యమయ్యాడు, సగం రోజు కూలి పోయింది. "పోతే పోనీ లా, అలాటిది మళ్ళీ సూస్తామేటి" అన్నాడు, మలాయివాళ్ళ 'లా' ఒకటి తగిలించి. చిన్నప్పుడు నాకూ ఆ పిట్టలంటే ఇష్టమే. హాస్టలుకు వెళ్ళాక ఆ పొట్టు నెత్తిన పడితే చిరాకేసేది.

యుద్ధం ముగిసిన మూడేళ్ళకు, ఇంకా తెల్లవాళ్ళ పాలనలోనే, మలయాలో ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులకు తిండి అందకుండా చేస్తే వాళ్ళే లొంగుతారని ప్రభుత్వం లెక్క. కూలీ లైన్లన్నీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. గేటు దగ్గర మాతా-మాతాలు, అంటే పోలీసులు, పనికి వెళ్ళే ప్రతి మనిషినీ తడిమి చూసేవాళ్ళు. మధ్యాహ్నం అన్నం బయటికి తీసుకుపోకూడదు. సైకిల్ గొట్టాల్లో బియ్యం పోస్తున్నారేమోనని పుల్లలు పెట్టి పొడిచేవాళ్ళు. ఆడవాళ్ళ కొప్పులు కూడా విప్పించేవాళ్ళు. బియ్యం ఇంట్లో ఎంత ఉండాలో, ఎక్కడ ఉండాలో అన్నిటికీ కట్టడి.

పెదనాన్న ఇల్లు వరసలో ఆఖరిది. చూరుకూ కంచెకూ మధ్య దూరం రెండు బారలు కూడా ఉండదు. ఆ ఏడు కూడా ఆయన కుచ్చు కట్టాడు. కంకులు గేటులోంచే తెచ్చాడు, అందరూ చూస్తుండగానే. గేటు దగ్గరుండే మలాయి కానిస్టేబుల్ నవ్వి వదిలేశాడు. అతని ఊళ్ళోనూ వరి పండుతుంది, అతనికి ఈ పిచ్చి అర్థమైంది. కానీ వారం తర్వాత కొత్తగా వచ్చిన తెల్ల అధికారి ఒకాయన కంచె చుట్టూ తిరుగుతూ ఆ కుచ్చును చూశాడు. కంచె అవతల నిలబడి కర్ర చాపితే అందేంత దగ్గర్లో ధాన్యం. పైగా సగం ఖాళీ అయింది. ఎవరికి పెడుతున్నావని అడిగాడు.

ఆ రోజు నాన్న దొరతో కలిసి క్లాంగ్ వెళ్ళాడు. అధికారి వెంట వచ్చిన దుబాసీకి తమిళమే గాని తెలుగు రాదు. పెదనాన్నకు కంగారులో తమిళం కూడా సగమే వస్తోంది. కిరాణీ కూతురికి ఇంగ్లీషు వచ్చని ఎవరో చెప్పారు. బడి పూర్తిచేసి, టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నేను ఇంట్లోనే ఉన్నాను. కానిస్టేబుల్ వచ్చి పిలిస్తే ఇస్త్రీ గౌను వేసుకుని, జుట్టు సరిచేసుకుని మరీ బయల్దేరాను. దాపరికం ఎందుకు, ఇంగ్లీషువాడితో ఇంగ్లీషులో మాట్లాడబోతున్నానని లోపల సంబరంగా కూడా ఉంది.

లైన్ల ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో పెదనాన్న, చొక్కా లేకుండా, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీతో, ఒంటినిండా పీచు దుమ్ముతో. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. "మా గుంటొచ్చింది. ఇంక భయం లేదు, సరిగ్గా సెప్తాది" అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. అది తెలుగు కాబట్టి అధికారికి అర్థం కాలేదు. అర్థం కానందుకు ఆ క్షణంలో నేను సంతోషించాను. అవును, సంతోషించాను.

అధికారి కుర్రవాడే. ఎండకు చెవులు ఎర్రబడ్డాయి. నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు, మిస్ అన్నాడు. ఇదేమిటో అడగమన్నాడు.

"పిట్టలకి కట్టినాను తల్లీ. మనోళ్ళు కడతారు గదా, నీకు తెల్దేటి? మీ ఇంటికీ కట్టినాను గదా. అదే సెప్పు" అన్నాడు పెదనాన్న.

నేను సగమే చెప్పాను. పిట్టల కోసమంటున్నాడని. అధికారి తలెత్తి చూరు వైపు చూశాడు. అంత జనం, అన్ని బూట్లు చూసి పిట్టలు ఎందుకు వస్తాయి? ఒక్కటీ లేదు. మలాయి కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకేసి, "నిజమే తువాన్, పిట్టలకే, నేను రోజూ చూస్తున్నాను" అన్నాడు. అధికారి అతని మాట పట్టించుకోకుండా నా వైపు తిరిగాడు.

"మీవాళ్ళకు ఇలాంటి ఆచారం ఉందా, మిస్?"

మీవాళ్ళు అన్నాడు. ఆ మాట అంటూ పెదనాన్న లుంగీ వైపు, పీచు దుమ్ము వైపు చేయి చూపించాడు. నా చెంపలు మండిపోయాయి. నేనూ ఆ అరుగు మీద పుట్టినదాన్నేనని ఆ ఇంగ్లీషువాడు అనుకుంటాడేమోనన్న భయం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. పెదనాన్న ఏమైపోతాడన్నది లెక్కలోకే రాలేదు.

"మా ఇళ్ళలో లేదు సర్. నేనెప్పుడూ చూడలేదు" అన్నాను. "కూలీల మూఢనమ్మకం ఏదో అయివుంటుంది."

"ఈ మనిషి మీకు తెలుసా? ఇతనికి ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"తెలీదు సర్" అన్నాను. అనడంతో ఊరుకోక తల కూడా అడ్డంగా ఊపాను. ఇంగ్లీషు రాకపోయినా ఆ ఊపు ఎవరికైనా అర్థమవుతుంది. పెదనాన్న నన్నే చూస్తున్నాడు. ఆయన మొహాన ఇందాకటి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. చుట్టూ మా తోటవాళ్ళు ముప్పై మంది ఉన్నారు, నేను ఎవరి కూతురినో, ఆయన ఎవరి అన్నో అందరికీ తెలుసు. కిరాణీ కూతురు కాదన్నాక ఔననడానికి వాళ్ళకు నోరు రాలేదు. కుచ్చు కోసి సంచిలో వేశారు. పెదనాన్నను లారీ ఎక్కించారు. చొక్కా వేసుకోనిమ్మని అడిగే పని కూడా నేను చేయలేదు, కానిస్టేబులే ఇంట్లోకి వెళ్ళి తెచ్చి ఇచ్చాడు.

ఇంటికి పరుగెత్తుకొచ్చి నేను చేసిన మొదటి పని, మా వంటింటి చూరుకున్న చిన్న కుచ్చును తెంపి పొయ్యిలో పెట్టడం. వడ్లు చిటపటమన్నాయి. అమ్మ ఏమైందే ఏమైందే అంటూనే ఉంది. చెప్పాక చెంప ఛెళ్ళుమనిపించింది. అమ్మ నన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

సాయంత్రం నాన్న వచ్చాడు. అమ్మ చెప్పులైనా విప్పనీయలేదు. "మీయన్న గాదేటి? ఎల్లి సెప్పండి, మాయన్నే అని ఒక్క ముక్క సెప్పండి" అంది. నాన్న, "గుంట తెలీదని సెప్పేసింది. ఇప్పుడు నాను ఎల్లి మాయన్న అంటే, ఇంటిల్లిపాదీ ఏదో దాస్తన్నారు అనుకుంటారు. అన్నయ్య బయటికి రావడం అటుంచు, మనమందరం లోపలికి పోతాం" అన్నాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. పిరికితనమూ లేకపోలేదు. కానీ ఆ పిరికితనానికి తలుపు తీసిపెట్టింది నేను. ఆ రాత్రి నుంచి నాన్న నాతో ఇంగ్లీషులో మాట్లాడమని అడగడం మానేశాడు. అంతకుముందు ప్రతి భోజనంలోనూ అడిగేవాడు.

మర్నాడు పొద్దున జీనువాయిలు వచ్చి మా చూరు కింద ఖాళీ తాడు మీద వాలాయి. కాసేపు అటూ ఇటూ జరిగి వెళ్ళిపోయాయి. నేను కిటికీ రెక్క మూసేశాను.

ఆరు వారాలకు పెదనాన్నను వదిలారు. నేరమేమీ రుజువు కాలేదు. కానీ ఆ తోటకు తిరిగి రాకూడదన్నారు. పెరాక్‌లో ఇపోకు అవతల ఒక రబ్బరు తోటకు పంపించేశారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆయన కాయలు ఒలిచిన తోటలో ఆయన ఇల్లు వేరేవాళ్ళకిచ్చారు. ఎప్పుడో పోయిన పెద్దమ్మను కప్పెట్టింది మా తోట చివరనే. ప్రతి శుక్రవారం ఆయన అక్కడ దీపం పెట్టేవాడు. మళ్ళీ ఆ చోటు చూడలేదు. చేతులకు కొబ్బరికాయ తప్ప ఇంకో పని తెలియని మనిషి, ఆ వయసులో రబ్బరుపాల కోసం చెట్లు గీయడం నేర్చుకున్నాడు.

నేను టీచరునయ్యాను. పెదనాన్నకు ఉత్తరం రాయాలని చాలాసార్లు కూచున్నాను. ఆయనకు చదవడం రాదు, ఇంకొకరు చదివి వినిపించాలి. నేను చేసిన పని ఇంకొకరి నోట ఎలా చదివిస్తానని మానేసేదాన్ని. నిజానికి అది సాకు. తెలుగు ముక్క రాసి దానికింద క్షమించమని పెట్టడానికి నా చేయి రాలేదు.

మెర్డెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చి నెల తిరక్కుండానే నాన్న మంచం పట్టాడు. అన్నను చూడాలని ఉందని అనలేదు గాని, నన్ను ఒకసారి వెళ్ళిరమ్మన్నాడు. రైల్లో ఇపో వెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కాను. దారి పొడుగునా కొత్త జెండాలు, బళ్ళ ముందు కాగితపు తోరణాలు. బస్సులో అందరూ పండగ మొహాలతో ఉన్నారు. నేను మాత్రం పరీక్షకు వెళ్ళే పిల్లలా పెదాలు కదుపుతూ కూచున్నాను. పెదనాన్నా, నేను కావాలనే తెలీదన్నాను, నీ లుంగీ చూసి సిగ్గుపడి అన్నాను, నన్ను క్షమించు. అంతే, మూడు ముక్కలు. ఇపో నుంచి తోట గేటు దాకా వాటినే అనుకుంటూ వచ్చాను.

పెదనాన్న అరుగు మీద కూచుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి ఒక్క క్షణం పోల్చుకోలేదు, పోల్చుకున్నాక లేచి నా చేయి పట్టుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆ చేయి పట్టుకుని లైను వెంట ఇంటింటికీ తిప్పాడు.

"ఇదేనర్రా మా తమ్ముడి గుంట. నాను సెప్పలేదేటి? ఇదే" అన్నాడు. "ఆ దొర అడిగినాడు, ఈ మడిసి తెలుసా అని. ఇది కన్నార్పకండా తెలీదనీసింది. పద్దెనిమిదేళ్ళ గుంటకి ఎంత బుర్రో సూడండి! తెలుసంటే ఏటవును? నాతోపాటు మా తమ్ముడూ లారీ ఎక్కును. ఉద్దోగం పోవును, ఇల్లు పోవును. ఒక్క మాటతో ఇంటిని నిలబెట్టింది."

ఒక ముసలామె నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. ఇంకొకామె చాప వేసింది, ఎవరో పిల్లను పంపి సోడా తెప్పించారు. నేను మూడు ముక్కలూ గొంతులో పెట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను. ఇప్పుడు చెబితే ఇన్నేళ్ళూ ఆయన అందరికీ చెప్పుకున్నది అబద్ధమవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన్ను బాధపెట్టకూడదని కూడా చెప్పుకున్నాను. సాకులు వెతుక్కోవడంలో నాకు సాటి లేరు.

అరుగు మీదికి తిరిగొచ్చాక గొంతు తగ్గించాడు.

"టేసన్లో రోజూ అడిగేవోరు" అన్నాడు. "ఆ తోటలో నీకెవరైనా ఉన్నారా, ఎవరైనా పెద్దోళ్ళు వచ్చి సెప్తే ఇప్పుడే వదిలేస్తాం అని. రోజూ అదే మాట. ఆరు వారాలు. నువ్వు తెలీదన్నాక నాను మా తమ్ముడు కిరాణీ అనొచ్చేటి? నీ మాట అబద్దం గాదేటి? అందుకే నాను కూడా ఎవరూ లేరనే అన్నాను. ఒక్క రోజు కూడా నోరు జారలేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు, బడిపిల్లాడు పలక చూపించి మార్కు కోసం చూసినట్టు.

"సరిగ్గానే సేసినాను గదా తల్లీ?"

"సరిగ్గానే సేసినావు పెదనాన్నా" అన్నాను.